నీళ్ల దగ్గరికి నడిచిన రాళ్లు

ఒక పెద్ద అడవిలో, ఏనుగులు కూడా దారి అడిగి నడవాల్సినంత పెద్ద అడవిలో, తాగడానికి దగ్గరలో ఒక్కటే మడుగు ఉండేది. ఆ మడుగు ఒడ్డున పైనుంచి కిందికి వరసగా పన్నెండు రాళ్లు. ఎన్ని రాళ్లు మునిగి ఉన్నాయో రోజూ పొద్దున్నే చూసి, అందరికీ వినపడేలా మూడుసార్లు చెప్పడం డిప్పయ్య అనే తాబేలు పని. వాళ్ల తాత చేశాడు, నాన్న చేశాడు, ఇప్పుడు డిప్పయ్య చేస్తున్నాడు. మెల్లగా చెబుతాడు గానీ తప్పు చెప్పడని పేరు.

అదంత ముఖ్యమా అంటారేమో. ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. మునిగిన రాళ్లు నాలుగుకి దిగాయంటే, పెద్ద జంతువులన్నీ మడుగు వదిలేసి, రెండు కొండల అవతలున్న ఏటికి పోయి తాగాలి. మిగిలిన నీళ్లు చేపలకీ కప్పలకీ పిట్టలకీ. అందరికన్నా ముందు కదలాల్సింది అడవిని ఏలేవాడే.

అప్పుడు అడవిని ఏలుతున్నవాడు గండరాయుడనే అడవిదున్న. మంచివాడే పాపం, ఎదుటివాళ్లు పొగుడుతున్నంతసేపూ. ఎన్నికల్లో తన కోసం కాళ్లరిగేలా తిరిగిన అడవిపందులకి, మడుగులోకి నీళ్లు తెచ్చే వాగుని రాసిచ్చేశాడు. పైగా వాటి పేర్లు పెద్ద జంతువుల జాబితాలోకి ఎక్కించాడు. ఇదెక్కడి న్యాయమని కప్పలు అడిగితే, పందులు హాయిగా పొర్లాక మిగిలిందంతా కిందికే కదా కారేది, కాస్త ఓపిక పట్టండన్నాడు. కప్పలు ఓపిక పట్టాయి. కిందికి మాత్రం బురదే కారింది.

మునిగిన రాళ్లు తొమ్మిది నుంచి ఏడుకి, ఏడు నుంచి ఐదుకి వచ్చాయి. మడుగు ఎండిపోతోందని ఒక కొంగ అందరి ముందూ అనేసింది. మర్నాడే దానికి నీటి సలహాదారు పదవి ఇచ్చి బోడిగుట్ట మీదికి పంపారు. ఆ గుట్ట మీద గుక్కెడు నీళ్లుండవు, గుప్పెడు నీడా ఉండదు. దాంతోపాటు ఒక కొత్త చట్టం కూడా వచ్చింది. మడుగులో నీళ్లు తక్కువని ఎవరన్నా అది అడవిద్రోహమే.

ఆ తర్వాత గండరాయుడి కార్యదర్శి, వినయరావు అనే నక్క, పనిగట్టుకుని డిప్పయ్య దగ్గరికి వచ్చాడు. ఆరోగ్యం ఎలా ఉందన్నాడు, మోకాళ్ల నొప్పులు తగ్గాయా అన్నాడు. ఆ పలకరింపులన్నీ అయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు.

"నీళ్లు రాళ్ల దగ్గరికి రాకపోతే, రాళ్లే నీళ్ల దగ్గరికి వెళ్లాలి డిప్పయ్యగారూ. గుట్ట మీద కొంగకి తోడెవరూ లేరని ప్రభువులవారు తెగ బాధపడుతున్నారు."

డిప్పయ్య మండుటెండలో ఆ గుట్ట మీద తనని ఊహించుకున్నాడు. పైన డిప్ప పెనంలా కాలుతుంది, లోపల తను. భయమేసింది. వెయ్యదా మరి! మర్నాడు ముక్కుతూ మూలుగుతూ పన్నెండు రాళ్లనీ ఒక్కొక్కటిగా కిందికి దొర్లించాడు. ఒడ్డెక్కి, నేలచూపులు చూస్తూ, పన్నెండూ మునిగాయని మూడుసార్లు చెప్పాడు. తాతల నాటి నుంచి వచ్చిన పేరు ఆ పూటతో పోయిందని అతనికి తెలుసు.

అడవంతా పండగ చేసుకుంది. మడుగు కళ్లెదురుగా కుంచించుకుపోతున్నా, డిప్పయ్య చెప్పాడంటే అంతేనని సర్దుకున్నారు. ఏనుగులు గుంపులుగా వచ్చి జలకాలాడటం మొదలుపెట్టాయి. నీళ్లు దిగినప్పుడల్లా డిప్పయ్య రాళ్లని ఇంకాస్త దించాడు.

ఒకరోజు బొచ్చెమ్మ అనే చేప పిల్లల్ని వెంటేసుకుని ఒడ్డు దాకా వచ్చింది.

"మామా, నా పిల్లల వీపులు నీళ్లపైకి తేలిపోతున్నాయి. నీ మాట విని ఏనుగులు ఇక్కడే ఉన్నాయి. ఇంకో వారం ఇలాగే చెప్పావంటే, నువ్వు చెప్పేది వినడానికి మేముండం."

డిప్పయ్య తల డిప్పలోకి లాక్కున్నాడు. సిగ్గేస్తే దాక్కోవడానికి ఆ జాతికి దేవుడిచ్చిన సదుపాయం అది. కానీ బొచ్చెమ్మ మాట డిప్ప లోపలికి కూడా వచ్చింది, వచ్చి అక్కడే ఉండిపోయింది.

ఇంతలో గండరాయుడు గద్దెనెక్కిన రోజు వచ్చింది. ఏటా ఆ రోజున అతను మడుగు పక్కనున్న నల్లరాతి మీదినుంచి నీళ్లలోకి దూకుతాడు. చిమ్మిన నీళ్లు మీద పడితే ఏడాదంతా మంచి జరుగుతుందని అందరూ ఒడ్డున ఎగబడతారు. డిప్పయ్య మనసు ఊరుకోక తెల్లారేసరికే గండరాయుడి దగ్గరికి వెళ్లాడు. ఈసారి ఒడ్డున కూర్చుని నాలుగు చెంబులు పోసుకుంటే ఆరోగ్యానికి మంచిదేమో ప్రభూ అని నసిగాడు.

"ఎన్ని రాళ్లు మునిగాయి?" అన్నాడు గండరాయుడు.

పక్కనే వినయరావు గుట్ట వైపు చూస్తూ మీసం దువ్వుకుంటున్నాడు.

"పన్నెండూ ప్రభూ."

"మరింకేం?" అని గండరాయుడు నవ్వి, నల్లరాయి ఎక్కాడు. జేజేలు మిన్నంటాయి. దూకాడు.

నీళ్లు చిమ్మలేదు. బురద చిమ్మి, ముందు వరసలో కూర్చున్న పందుల మీద పడింది. గండరాయుడు మెడ దాకా దిగబడిపోయాడు. ముందుగా తేరుకున్న వినయరావు, ప్రభువులవారు ఎంత చక్కగా ఈదుతున్నారోనంటూ చప్పట్లు కొట్టాడు. దిగబడ్డారంటే నీళ్లు లేవన్నట్టే కదా, అందుకని అందరూ చప్పట్లు కొట్టారు. కాస్త నెమ్మదిగా ఈదుతున్నారని ఒక ఉడుత సణిగింది గానీ, వాళ్లమ్మ దాని నోరు మూసింది.

లాగండర్రా అని గండరాయుడు గోలపెట్టాడు. ముసలి ఏనుగు ముందుకొచ్చి, పన్నెండు రాళ్ల లోతు నీళ్లలో దిగితే మేం మునిగిపోమా ప్రభూ అని ఎంతో మర్యాదగా అడిగింది.

"ఒరే డిప్పయ్యా, నువ్వైనా చెప్పు, నీళ్లెక్కడున్నాయిరా!"

డిప్పయ్య పక్కకి చూశాడు. మిగిలిన చారెడు గుంటలో బొచ్చెమ్మ పిల్లలు ఒకదాని మీదొకటి పడి కొట్టుకుంటున్నాయి. చాలా రోజుల తర్వాత అతని మెడ పూర్తిగా బయటికొచ్చింది.

"మేం చెబితే ద్రోహం ప్రభూ. చట్టం చేసినవారు చెబితే కాదు. మూడుసార్లు చెప్పాలి, వెనకున్నవాళ్లకి కూడా వినపడాలి."

నీళ్లు ఆశించినంతగా లేవని గండరాయుడు మొదటిసారి గొణిగాడు. వెనక వరసవాళ్లకి వినపడలేదు. బురద గడ్డానికి తగిలింది. కాస్త తక్కువేనన్నాడు రెండోసారి. బురద మూతి దాకా వచ్చింది.

"నీళ్లు లేవు! చుక్క లేదు! వాగు పందులకిచ్చేసింది నేనే!" అని మూడోసారి అడవి దద్దరిల్లేలా అరిచాడు. పందుల సంగతి నిజానికి ఎవరూ అడగలేదు.

ఏనుగులు వెంటనే దిగి లాగి పడేశాయి. ఒడ్డెక్కాక ముసలి ఏనుగు కట్టుబాటు గుర్తుచేసింది. గండరాయుడు వినయరావు వైపు చూశాడు. వినయరావు ఆకాశంలో ఏదో వెతుక్కుంటున్నాడు. చేసేది లేక, ఒళ్లంతా బురదతో, గండరాయుడు రెండు కొండల అవతలి ఏటికి బయల్దేరాడు. పెద్దల జాబితాలో పేర్లున్న పాపానికి పందులు కూడా వాగులోంచి లేచి వెంట నడవాల్సి వచ్చింది. అవి లేవగానే వాగు కదిలింది. మూడో రోజుకి బొచ్చెమ్మ పిల్లల వీపులు మునిగాయి.

రాళ్లు దించడానికి పూట పట్టలేదు గానీ, తిరిగి ఎక్కించడానికి డిప్పయ్యకి నెల పట్టింది. గుట్ట దిగివచ్చిన కొంగ పక్కనే నిలబడి, సాయం చెయ్యకుండా చూసింది.

ప్రభువులవారు స్వయంగా మడుగులో దిగి నీటి కొరతని కనిపెట్టారని వినయరావు చాటింపు వేయించాడు. వానలు పడ్డాక తిరిగొచ్చిన గండరాయుడు డిప్పయ్యని చాటుకి పిలిచి, అడవికి ఏం చెప్పినా సరే, తన చెవిలో మాత్రం రోజూ అసలు సంగతి చెప్పమన్నాడట.

నీతి: లోకానికి ఎన్ని అబద్ధపు లెక్కలైనా చెప్పించవచ్చు, దూకే రోజు కోసం మాత్రం నిజం లెక్క ఒకటి దగ్గర పెట్టుకోవాలి.