రాతి అమ్మకు రవిక

ఆ ఉదయం దర్జీ ఆవిడ అనుకున్నదల్లా ఒక్కటే: పాప లేచేలోగా స్కూలు చొక్కాలకు కాజాలు కుట్టెయ్యాలి. మూడో చొక్కా దగ్గరే పాప లేచింది. మిషను ముందే కూర్చుని పాలిస్తుంటే ప్రార్థనాలయం ప్రెసిడెంటు గుమ్మంలోకి వచ్చి, గోడకేసి తిరిగి నిలబడ్డాడు. ఆవిడ కుట్టుపని చేసుకునే కొట్టు ప్రార్థనాలయానిదే.

“తలుపుకి తెర కట్టుకోమన్నానా లేదా? కట్టకపోతే ఖాళీ చెయ్యి. సరే, అది తర్వాత. ఎల్లుండి పెద్ద గురువుగారొస్తున్నారు. వాకిట్లో అమ్మకి రవిక కుట్టాలి.”

వాకిట్లో అమ్మ అంటే రాతి విగ్రహం. ఒళ్లో బిడ్డకు పాలిస్తూ ఉంటుంది. మూడు తరాలుగా జనం ఆ పాదాలకు మొక్కి పనులకు పోతున్నారు.

“ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకండీ?”

“చూపులు అటు పోతున్నాయమ్మా.”

“ఎవరివి?”

ప్రెసిడెంటు దగ్గాడు.

ఆవిడ పళ్లు బిగించి టేపు అందుకుంది. కోపం ఆయన మీదో, టేపు అందుకున్న తన చేతి మీదో ఆవిడకే తెలియలేదు. కొట్టు పోతే మిషను ఎక్కడ పెట్టుకోవాలి?

కొలతల వేళకు ప్రెసిడెంటుతో కలిపి ప్రార్థనాలయం కమిటీ ఏడుగురూ హాజరు. “కాస్త వదులుగా కుట్టు.” “మరీ వదులైతే జారుతుందయ్యా!” ఇన్నేళ్లూ తల వంచి మొక్కినవాళ్లు ఆ పూట గంటసేపు తలెత్తి చూశారు.

తెల్ల రవిక తొడిగిన సాయంత్రమే వాన. గుడ్డ తడిసి రాతికి అంటుకుపోయింది. ఎన్నడూ అటు చూడని కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని వచ్చారు. మర్నాడు దాని మీద ఎర్ర రవిక. అది మెరుస్తోందని పైన మందపాటి శాలువా. శాలువాలో బిడ్డ మునిగిపోయింది.

గురువుగారు వచ్చి చూశారు. “ఈమెకేమైందయ్యా, చలిజ్వరమా? అమ్మ ఏదీ?”

“విప్పెయ్! అన్నీ విప్పెయ్!” ప్రెసిడెంటు దర్జీ ఆవిడ మీద అరిచాడు.

ఆవిడ చంకలో పాపతో ముందుకొచ్చింది. “నడివాకిట్లో, ఇంతమంది మగాళ్ల ముందు ఆడమనిషి బట్టలు విప్పమంటారా? సిగ్గు లేదూ?”

రవిక తొడిగిన రోజే రాయి కాస్తా ఆడమనిషి అయిపోయిందని ప్రెసిడెంటుకి అప్పుడు తట్టింది.

“మరి... తెరేదైనా...”

“దుప్పటి తెండి. మీ ఏడుగురే పట్టుకోండి. కళ్లు మూసుకుని.”

పట్టుకున్నారు. ఆవిడ ఒక్కొక్క హుక్కూ తీరిగ్గా తీసింది. ఇంతలో పాప ఏడ్చింది. అమ్మ పాదాల పక్కనే కూర్చుని, పాప నోటికి పాలందించి, “ఇక దించండి” అంది.

దించారు. ప్రెసిడెంటు మళ్లీ దుప్పటి ఎత్తబోయాడు.

“తల్లి పాలిస్తే తెరెందుకయ్యా?” అన్నారు గురువుగారు.

ఏడు తలలూ ఊగాయి. ప్రెసిడెంటు తెర మాటెత్తినప్పుడల్లా ఆర్నెల్లుగా ఆవిడ అంటున్న మాటే అది. మగగొంతులో వస్తేగానీ ఎవరి చెవికీ ఎక్కలేదు. కొట్టు దక్కింది, ఒళ్లు మాత్రం మండిపోతూనే ఉంది.

మర్నాడు ఆ రెండు రవికలూ కత్తిరించి కమిటీకి ఏడు కళ్లగంతలు కుట్టి పంపింది. ఈసారి కొలతలు అక్కర్లేకపోయాయి.