ఇల్లుబండికి లైన్ క్లియర్

ఏడింటికి బయలుదేరి, మధ్యాహ్నానికల్లా సముద్రం ఒడ్డున భోజనం చేయాలన్నది ఆపరేటరుగారి పథకం. సబ్‌స్టేషనులో ముప్పైరెండేళ్లు షిఫ్టు డ్యూటీ చేసి రిటైరైన మనిషి ఆయన. అన్నేళ్లలో భార్యను ఒక్క ఊరైనా తిప్పలేదు. ఆ లోటు తీర్చడానికే పాత డీజిలు బండి ఒకటి కొన్నారు. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉన్నాయి కాబట్టి ఇంట్లో దాని పేరు ఇల్లుబండి. ఎనిమిది నెలలుగా అది గేటు లోపలే ఉంది. అంటే ఇప్పటిదాకా ఇల్లేగానీ బండి కాలేదు.

"చూడండి, పదింటికి తుక్కు సామాన్లాయన లారీ తెస్తానన్నాడు," అంది ఆవిడ సంచి సర్దుకుంటూ. "అప్పటికి ఇది గేటు దాటిందా సరే. దాటలేదా, ఇచ్చి పంపించేస్తా. పూలకుండీలకి చోటు లేకుండా పోయింది."

"పదిదాకా ఎందుకోయ్? ఏడుంబావుకే దాటిస్తా," అన్నారాయన. ధీమా విషయంలో ఆయన ఎవరికీ తీసిపోరు.

తాళం తిప్పారు. టిక్కుమంది. మళ్లీ తిప్పితే మళ్లీ టిక్కు. వెనక గదిలో లైట్లు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. "బ్యాటరీ పులిలా ఉంది. ఇంకెక్కడో ఉంది తేడా," అని తేల్చేశారు. ఆ బండికి రెండు బ్యాటరీలు, ఒకటి ఇంజినుకి, ఒకటి గదికి. అమ్మినతను ఆ సంగతి చెప్పబోతే, "కరెంటు గురించి నాకా చెప్తున్నావు?" అని నోరు మూయించిన ఘనత కూడా ఆయనదే.

వెంటనే బావమరిదికి ఫోను వెళ్లింది. అతనూ అదే శాఖలో లైన్‌మన్‌గా పనిచేసి దిగినవాడు. స్క్రూడ్రైవరు చెవిలో పెట్టుకుని పది నిమిషాల్లో వాలిపోయాడు. బానెట్ ఎత్తి, "చెయ్యి పెడుతున్నా బావా! లైన్ క్లియర్!" అని అరిచాడు.

లైన్‌మన్ తీగ ముట్టుకునే ముందు ఆపరేటరు సప్లై తీసేస్తాడు, లైన్ క్లియర్ ఇవ్వడమంటే అదే. పని పూర్తయింది, క్లియర్ వాపసు అని లైన్‌మన్ చెప్పేదాకా ఆ స్విచ్ జోలికి దేవుడొచ్చినా పోకూడదు. పోతే తీగ మీదున్నవాడి ప్రాణం పోతుంది. ముప్పైరెండేళ్లు ఆ కట్టుబాటు మీద బతికిన మనిషి కదా, సీటు పక్కన కిందుగా ఉన్న, ఇంజిను బ్యాటరీ సప్లై తీసే ఎర్రపిడిని ఆపరేటరుగారి చెయ్యి దానంతటదే తిప్పేసింది. నోరు "ఇచ్చాను" అంది. మనసు మాత్రం అప్పటికే సముద్రం ఒడ్డున ఉంది. ఇంజినుకి సప్లై పోయిందన్న సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, ఆయన పెట్టుకోలేదు.

బావమరిది బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా పేరుకున్న పొడిని గీకేసి, వదులైన నట్టు బిగించాడు. నిజానికి రోగం అక్కడితో కుదిరింది. "అక్కా, సెల్ఫ్ కొట్టు!" అన్నాడు. ఆవిడ సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఈసారి టిక్కు కూడా లేదు.

"ఇందాక మూలిగిందన్నా మూలిగింది," అన్నాడతను దిగులుగా. "ముదిరిపోయింది బావా."

"సప్లై ఉందిరా, లైట్లు చూడు. వైరింగులో ఉంది గొడవ. విప్పు!"

విప్పాడు. బండి ఎప్పుడు స్టార్టయితే అప్పుడు పని పూర్తయినట్టని బావమరిది లెక్క. పని పూర్తయిందంటేగానీ పిడి వేయకూడదని బావగారి ఒంట్లో జీర్ణించుకుపోయిన అలవాటు. ఆ ముడి విప్పేలోపు డాష్‌బోర్డు మొత్తం విప్పేశారు.

తొమ్మిదింటికి పక్కింటి పళ్ల డాక్టరు జంపర్ వైర్లతో సాయానికొచ్చాడు. కారు తెచ్చి సరిగ్గా గేటుకి అడ్డంగా పెట్టాడు. "తొమ్మిదిన్నరకి ఒకాయన పన్ను పీకాలండీ, కాస్త త్వరగా..."

"రెండు నిమిషాలు. మీ ఇంజిన్ ఆపేయండి, సేఫ్టీ ముఖ్యం," అన్నారు ఆపరేటరుగారు. వైర్లు తీసుకెళ్లి గది బ్యాటరీకి తగిలించారు. లోడు ఎలా ఉందో చూద్దామని బావమరిది ఫ్రిజ్, ఫ్యాను, నీళ్ల మోటారు అన్నీ వేశాడు. లైట్లు ఇంకా బాగా వెలిగాయి. "చూశావా!" అన్నారు బావగారు. ముప్పావుగంట గడిచేసరికి ఇల్లుబండి కదల్లేదు సరికదా, డాక్టరుగారి కారు కూడా టిక్కుమంది.

"అయ్యయ్యో, అవతల ఆయన నోరు తెరుచుకుని కూర్చునుంటాడండీ!" అని డాక్టరు నెత్తి పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే తుక్కు లారీ వచ్చింది. గేటుకి అడ్డంగా, బానెట్ తెరిచి, కదలకుండా పడివున్న బండి ఒకటి ఆ డ్రైవరుకి కనిపించింది. మారు మాట్లాడకుండా దానికి గొలుసు తగిలించి వీధిలోకి లాగేశాడు.

"ఒరేయ్, అది నా కారు! నిన్న కాక మొన్న కడిగించాను!" అని డాక్టరు లారీ వెంట పరిగెత్తాడు. డాక్టరు వెంట బావమరిది, వాళ్ల వెంట ఆపరేటరుగారు.

"చెడిన బండి అన్నారు, ఇదీ చెడిందేగా?" అని డ్రైవరు.

"చెడింది అవతలదయ్యా! ఆగు, అది కూడా చెడలేదు!" అన్నారు ఆపరేటరుగారు. బండి పోతే పోయింది, ఆవిడకి సముద్రం చూపించడం ఇక ఈ జన్మకి కుదరదని తోచి ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

ఇక్కడ ఆవిడ తన సంచి దింపుకుందామని ఇల్లుబండి ఎక్కింది. సీటు పక్కన ఎర్రపిడి కనిపించింది. లైన్ క్లియర్ అనగానే ఆయన తిప్పింది దీన్నే. పొద్దున తీయమన్న కేక ఆవిడ చెవులారా వింది. మళ్లీ వేయమన్న కేక మాత్రం ఎవరి నోటా వినలేదు. పిడి తిప్పి, సీట్లో కూర్చుని తాళం తిప్పింది.

ఎనిమిది నెలల నిద్ర వదిలించుకుని ఇంజిన్ ఒళ్లు విరుచుకుంది. గేటుకి అడ్డంగా ఉన్న కారేమో లారీ పుణ్యమా అని లేదు. ఇరవైయేళ్లు బడి వ్యాను నడిపిన చెయ్యి ఆవిడది. వేలాడుతున్న వైర్లతో సహా బండిని గేటు దాటించి, పదికి మూడు నిమిషాలుండగా వీధిలో ఆపింది.

ఆపరేటరుగారు పరిగెత్తుకొచ్చారు. "ఎవరు వేయమన్నారు? లైన్‌మన్ ఇంకా క్లియర్ వాపసు ఇవ్వలేదు!"

"అక్కడున్నాడు మీ లైన్‌మన్, డాక్టరుగారి చేతికి చిక్కి. కారు వెనక్కి తెప్పించేదాకా ఆయన వదలడు. ఎక్కుతారా, నన్ను వెళ్లమంటారా?"

ఆయన ఎక్కేశారు. ఊరు దాటేవరకు వేలాడే వైర్లని డాష్‌బోర్డులోకి తోస్తూ కూర్చున్నారు. దాటాక మళ్లీ ధీమా వచ్చింది. "అలసిపోతే చెప్పు, స్టీరింగు నేను తీసుకుంటా," అన్నారు.

"అలాగేనండీ," అంది ఆవిడ.

మూడు రోజులైంది. సముద్రం చూసి, ఇంకా ముందుకే పోతున్నారు. ఆవిడ ఇంకా అలసిపోలేదు.