పాప మొటిమలూ నా రెండు చెంపలూ

మనిషి తన మొహాన్ని తాను పూర్తిగా ఎరగడు. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివాను గాని, గ్రహించింది మాత్రం బారసాల పీట మీద. మీరు నవ్వనంటే చెబుతాను.

యుద్ధం రోజులు. బెజవాడ గవర్నర్‌పేటలో మా అత్తవారింట నా భార్య కనకవల్లికి మొదటి కాన్పు, ఆడపిల్ల. నాలుగో రోజున పురుటిగది గుమ్మం అవతలి నుంచే చూసి, గన్నవరంలో ఉన్న మా అక్క పద్మావతమ్మకు కార్డు రాశాను: "కళ్ళు వాళ్ళవైపు. చర్మం మాత్రం అచ్చంగా మన వంశానిదే. నా చెంపలూ దాని చెంపలూ ఒకటే."

అక్క ఆ కార్డును చదువొచ్చినవాళ్ళకు చూపించి, రానివాళ్ళకు చదివి వినిపించింది. ఇరవై ఒకటో రోజున బారసాలకు స్వయంగా వచ్చి ఆ చెంపలు చూస్తానని జవాబు రాసింది.

పదిహేనో రోజున పాప చెంపల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. పొద్దున రెండు. సాయంత్రానికి నేను లెక్కపెట్టడం మానేశాను. కొన్నిటికి తెల్లటి మొనలు కూడా ఉన్నాయి.

"మొటిమలు!" అన్నాను. "పదహారేళ్ళకు రావలసినవి పదిహేను రోజులకే వచ్చాయేమిటి?"

మా అత్తగారు జ్ఞానప్రసూనాంబ నాతో ఎదురుపడి మాట్లాడరు. తలుపు చాటు నుంచి కూతురితో అంటారు, నేను వింటాను.

"కనకం, నలుగు చాలటం లేదని చెప్పవే. సున్నిపిండిలో పసుపూ ఆముదమూ వేసి గట్టిగా రుద్దితే అవే పోతాయి."

నేను మనస్తత్వశాస్త్రం చదివినవాణ్ణి. లోపలి కల్లోలం చర్మం మీద తేలుతుందని ఒక సిద్ధాంతం ఉంది. పదిహేను రోజుల పిల్లకు కల్లోలమేమిటా అని కాసేపు ఆలోచించాను. అక్క రాకకు ఆరు రోజులే ఉన్నాయని గుర్తొచ్చి, సిద్ధాంతాన్ని వదిలేసి మందుల షాపుకు వెళ్ళాను.

షాపు అంకమ్మరావు చిన్న డబ్బీ ఇచ్చాడు. "ఇది రాస్తే మొటిమ ఉండదండి."

"చర్మమో?"

"అది మీ అదృష్టమండి."

కనకవల్లి స్నానానికి లేచే వేళ చూసి ఉయ్యాల మీదికి వంగాను. మూత తీశానో లేదో, వెనక గాజుల చప్పుడు.

"ఏమిటండీ అది?"

"ఏది?"

"చేతిలోది."

"పరిశోధన."

"దానికి పసిపిల్ల మొహమే దొరికిందా? మీ మొహం లేదూ?"

"నాకు మొటిమలు లేవే!"

"చెంపలున్నాయిగా. మీవీ దానివీ ఒకటేనని వదినగారికి రాశారట, ఆవిడ నాకూ రాశారు. ముందు మీరే ఒక చెంపకు ఇదీ, రెండో చెంపకు మా అమ్మ పిండీ రాసుకోండి. మూడు రోజులు చూసి, బాగుంటే పాపకు నేనే రాస్తాను."

శాస్త్రీయంగా ఆ మాటను కాదనలేకపోయాను. ఎడమ చెంపకు అంకమ్మరావు మందు, కుడి చెంపకు అత్తగారి పిండి. పోల్చి చూసుకోవడానికి గడ్డాన్ని మాత్రం ఏమీ పూయకుండా వదిలాను. నోటుబుక్కులో మూడు గళ్ళు గీశాను.

మొదటి రోజు ఎడమ చెంప వెచ్చబడింది. "పనిచేస్తోంది" అని రాసుకున్నాను. రెండో రోజు ఎడమది మండింది, కుడిది దురద పెట్టింది. "రెండూ పోటీగా పనిచేస్తున్నాయి" అని రాసుకున్నాను.

మూడో రోజుకు నా రెండు చెంపల మీదా ఎర్రటి పొక్కులు లేచాయి. తలుపు చాటు నుంచి వినబడింది: "కనకం, అల్లుడిగారికి అమ్మవారు పోసిందేమో కనుక్కోవే."

సాయంత్రానికి నా తలగడ కింద వేపాకు చేరింది. పాలుపోసే శౌరమ్మ వీధిగుమ్మం దగ్గరే ఆగిపోయింది. పాలు లేక ఇంటిల్లిపాదికీ కాఫీ ఆగిపోయింది. నాలుగో రోజున మందూ పిండీ మానేశాను. నా పొక్కులు మాత్రం మానలేదు.

బారసాల నాడు పాపను ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చున్నాను. దాని పొక్కులు కాస్త వెలిశాయి గాని పోలేదు. అక్క బస్సు దిగి తిన్నగా వచ్చి పాపను చూసింది. నన్ను చూసింది. మళ్ళీ పాపను చూసింది. సంచిలోంచి కార్డు తీసి అందరూ వినేలా చదివింది.

"ఏరా నారాయణా! ఏదో మురిసిపోయి రాశావనుకున్నాను. చెంపలు ఒకటేరా! ఈ చర్మం మన వంశానిది కాదని ఎవరనగలరు?"

నవ్వడానికి మా అత్తగారు తలుపు చాటు నుంచి బయటికే వచ్చేశారు. పెళ్ళయ్యాక ఆవిడ మొహం పూర్తిగా చూడడం అదే మొదలు.

అందరూ భోజనాలకు లేచాక కనకవల్లి గోరువెచ్చని నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి పాప మొహం తుడిచి, పొడిగుడ్డతో తడి ఒత్తింది.

"ఇంతకీ దానికేం రాస్తున్నావు?" అన్నాను.

"ఏమీ లేదండీ. పొక్కులు లేచిన నాడే నాన్నచేత లేడీ డాక్టరు శివపార్వతిగారిని అడిగించాను. తల్లి ఒంట్లోంచి వచ్చిందేదో పిల్లలో ఇంకా ఉంటుందట, అందుకే లేస్తాయట. నీళ్ళు చాలు, నూనె వద్దు, పిండి వద్దు, గిల్లొద్దు అన్నారు. కొన్ని వారాలకు అవే పోతాయట. జ్వరమొచ్చినా, చీము పట్టినా మాత్రం తీసుకురమ్మన్నారు."

"ఆ ముక్క నాకు ముందే చెప్పొద్దూ?"

"చెబితే ఊరుకునేవారా? మీ చేతులకూ మా అమ్మ చేతులకూ ఏదో ఒక పని ఉండాలి. అందుకని మీ ఇద్దరికీ మీ మొహం మీదే చెరో చెంపా ఇచ్చాను."

నేను నోటుబుక్కు తెరిచాను. మూడో గడిలో రోజూ ఒకే మాట నా దస్తూరీలోనే ఉంది: "గడ్డం: ఏమీ పూయలేదు. బాగుంది."