డెబ్భై నాలుగు సార్లూ అంతే

జూన్ 18, మంగళవారం ఉదయం 11.10 గంటలకు విజయవాడలోని ఒక విశ్వవిద్యాలయం పరిశోధకురాలు హెప్సిబా థీసిస్‌ను తిప్పి పంపింది. పోలికలు 94 శాతం ఉన్నాయని కారణం చూపింది. అనుమతించిన పరిమితి పది. ఆ థీసిస్ మరెవరి థీసిస్‌నూ పోలి లేదు. దాన్ని అదే పోలి ఉంది.

థీసిస్ పేరు ‘పరిశోధన, ఎలక్ట్రానిక్ సంగీతం: ఒకే పనితీరు’. చల్లపల్లికి దిగువన ఒక మురుగు కాలువలోకి సముద్రపు పోటుతో ఉప్పునీరు ఎగదన్నుతుంది. హెప్సిబా మూడేళ్లపాటు ప్రతి పౌర్ణమికీ అమావాస్యకీ ఆ నీటిని కొలిచారు. మొత్తం డెబ్భై నాలుగు సార్లు. ప్రతిసారీ పోటు మొదలైన రెండు గంటలకు లీటరు నీటిలో ఉప్పు ఏడు గ్రాములకు చేరింది. ఆ అంకెలను ల్యాప్‌టాప్‌లో స్వరాలుగా మార్చి, కింద బీటు పెట్టి, ఇరవై రెండు నిమిషాల సంగీతం చేశారు. ఏడు మెట్లెక్కి ఆగే ఒకే వరుస అందులో డెబ్భై నాలుగు సార్లు వస్తుంది. ఒక్కటి మార్చి, మిగతావి కదపకుండా మళ్లీ చూడటం, మళ్లీ మళ్లీ వచ్చినదాన్నే ఉంచుకోవడం రెండు చోట్లా పద్ధతి అని ఆమె వాదన.

ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ గడువు జూన్ 30తో ముగుస్తుంది. అది దాటితే ఆరేళ్ల పని రద్దవుతుంది.

విశ్వవిద్యాలయ పునరుక్తి నివారణ సంఘం అధ్యక్షులు డాక్టర్ జయకృష్ణ ఆమెను పిలిపించి కుర్చీ వేయించారు.

“మొదటి రీడింగ్ రోజు నువ్వు పనిచేశావమ్మా, కాదనను. మిగతా డెబ్భై మూడు రోజులు ఏం చేసినట్టు?”

“కొలిచానండీ. ప్రతిసారీ అంతే వచ్చింది. నేను కనిపెట్టింది అదేనండి.”

“వస్తే రానీ. నువ్వు రాయకు.”

న్యాయం అందరికీ ఒకటే కనుక సంఘం ఆ వారమే సర్క్యులర్ జారీ చేసింది. ముప్పై మొక్కల మీద ప్రయోగం చేస్తున్న ఆరోన్ ఇరవై తొమ్మిదింటిని పీకేశారు. కూచిపూడి నృత్యంపై పరిశోధిస్తున్న శాలినిని అడుగులన్నీ కుడికాలితోనే వేయాలని ఆదేశించారు. ఎడమకాలు వేసేవీ అవే అడుగులని పరిశీలనలో తేలింది. ప్రార్థన గీతంలో పల్లవిని ఒక్కసారితో ఆపేస్తున్నారు. అధ్యక్షుల వారి స్వాగతోపన్యాసం పదకొండేళ్లుగా ఒకటే. దాన్ని సంప్రదాయం కింద నమోదు చేశారు.

హెప్సిబా గైడ్ డాక్టర్ సుస్మిత ఆమెను ఏలూరు రోడ్డులోని చక్రి దుకాణానికి పంపారు. థీసిసుల్లో మాటలు మార్చి పోలికల శాతం తగ్గించడం చక్రి వృత్తి. నగరంలో విజ్ఞానం ఆయన చేతుల మీదుగానే ముందుకు సాగుతోంది.

“మాటలకైతే వేరే మాటలుంటాయి మేడమ్. ఏడుకి ఏం పెడతాం?” అన్నారు చక్రి. “ఒకచోట ఆరు, ఇంకోచోట తొమ్మిది వేద్దాం. ఉప్పే కదండీ, ఎవరు నాకి చూస్తారు?”

హెప్సిబా రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు కాలువ గట్టుకు వెళ్లారు. కాలువ సముద్రంలో కలిసే చోట షట్టర్లున్నాయి. పోటు సమయానికి వాటిని దించితే ఉప్పు లోపలికి రాదు. ఎప్పుడు దించాలో కాగితం మీద ఎవరూ చూపలేదని అధికారులు దించడం లేదు. గట్టు పక్కన రెండెకరాలు కౌలుకు చేస్తున్న బసవయ్య ఎదురొచ్చారు.

“నోట్లో పోసుకుంటే మాకు తెలుస్తానే ఉందమ్మా. మా నోటిమాట ఎవరికి కావాలి? నీ పుస్తకం వస్తే షట్టర్లు దించుతారంట గదా.”

పుస్తకం వస్తుందని హెప్సిబా చెప్పారు. సమర్పించకపోతే అసలు పుస్తకమే ఉండదని బస్సులో లెక్క వేసుకున్నారు. సాయంత్రం చక్రికి ఫోన్ చేశారు.

అంకెలూ వేళలూ అన్నీ మారాయి. సంగీతంలో ఏడు మెట్ల వరుస పోయి ఒకచోట సన్నాయి, ఒకచోట రైల్వే ప్రకటన, ఒకచోట మిక్సీ చప్పుడు చేరాయి. ఏ శబ్దమూ రెండోసారి రాదు. పూర్తిగా విన్న సుస్మిత పాట ఎప్పుడు మొదలవుతుందని అడిగారు.

జూన్ 28న సమర్పించిన థీసిస్‌లో పోలికలు ఆరు శాతం. ఉప్పు ఇంత స్వేచ్ఛగా ప్రవర్తిస్తుందని ఇంతవరకు ఎవరూ చెప్పలేదని పరీక్షకులు కొనియాడారు. నవంబరు 8న డాక్టరేట్ ప్రదానం చేశారు. ఆమెను సంఘంలో సభ్యురాలిగా తీసుకున్నారు. ఉప్పు రాకకు వేళాపాళా లేదని థీసిస్ రుజువు చేసింది కనుక షట్టర్లు దించే అవసరం లేదని అధికారులు తేల్చారు.

డిసెంబరు 2, సోమవారం అర్జీల కార్యక్రమంలో బసవయ్య అర్జీ ఇచ్చారు. పొలంలోకి ఉప్పునీరు వస్తోందని, షట్టర్లు దించాలని కోరారు. అధికారులు దాన్ని నిపుణుల అభిప్రాయం కోసం విశ్వవిద్యాలయానికి పంపారు.

డిసెంబరు 9న అర్జీ తిరిగి వచ్చింది. అర్జీదారు గత నాలుగేళ్లలో ఇచ్చిన అర్జీలతో పోలిక 97 శాతం ఉన్నందున తిరస్కరించడమైనదని దానిపై రాసి ఉంది. కింద డాక్టర్ హెప్సిబా సంతకం ఉంది.