మా వంశంలో లేని మార్పు

మెట్టుగూడ యోగితకు రక్త క్యాన్సర్ అని తెలిసిన రోజే, అది ఏ వైపు నుంచి వచ్చిందో తేల్చడానికి ఉభయ కుటుంబాల పెద్దలతో ఉన్నతస్థాయి విచారణ సంఘం ఏర్పాటయింది. చికిత్స సంగతి డాక్టర్లు చూసుకుంటారు కనుక, పెద్దలు అసలు విషయం మీద దృష్టి పెట్టారు.

తప్పు డాక్టర్ ఇంద్రజది. "జన్యువులో ఒక మార్పు ఉంది, అందుకే మామూలు మందులకు లొంగదు" అని నోరు జారింది. జన్యువు అంటే వంశమని, వంశమంటే అవతలివాళ్ళదని అర్థం చేసుకోగల విద్యావంతులు రెండు వైపులా ఉన్నారు. అది పుట్టుకతో వచ్చింది కాదు, ఈమధ్యే ఎముక మజ్జలో పుట్టిందని ఆమె ఎంత మొత్తుకున్నా, విచారణకు సంబంధం లేని సాక్ష్యమని కొట్టేశారు.

సంఘం మౌలాలి ఫంక్షన్ హాలులో సమావేశమైంది. పెదనాన్న బుల్లబ్బాయి గారు రైల్వేలో రిటైరైన అధికారి. "గోదావరి నీళ్ళు తాగిన రక్తమండీ మాది. ఇలాంటి మార్పులకు తావే లేదు" అని ప్రకటించారు.

నేరేడ్‌మెట్ మేనమామ యుగంధర్ లేచాడు. "ఏంది బావా, గిట్ల మాట్లాడతరు? మా తాతకు తొంభై ఏండ్లొచ్చినా దగ్గు సుత రాలే."

భోజనాలు బాగున్నాయి.

ఈలోగా ఆసుపత్రిలో, ఆ మార్పుకే గురిపెట్టిన రెండు కొత్త మందులు కలిపి ఇస్తే ఏమవుతుందో చూసే పరీక్షలో యోగితను చేర్చుకున్నారు. రెండు వంశాలను కలిపితే ఏమవుతుందో చూసే పరీక్ష ఆమె తల్లిదండ్రుల పెళ్ళినాడే మొదలైంది, ఫలితాలు ఇంకా రాలేదు. మందులు మాత్రం మర్యాద తెలిసినవి, కలిసి పనిచేశాయి.

"జబ్బు అణిగింది. మళ్ళీ లేచేలోగా మజ్జ మార్చాలి. తల్లిదండ్రులిద్దరికీ గుండె జబ్బు కాబట్టి వాళ్ళు ఇవ్వలేరు. మిగతా రక్తసంబంధీకులు వచ్చి పరీక్ష చేయించుకోండి" అంది డాక్టర్.

మచ్చలేని రక్తాలన్నీ ఒక్కసారిగా పరేషానయ్యాయి. బుల్లబ్బాయి గారి అబ్బాయికి సూదంటే భయమట. యుగంధర్ మెల్లగా, "మా పిల్లకు సంబంధాలు చూస్తున్నం డాక్టరమ్మా. గిప్పుడు టెస్టులంటే బయట ఏమనుకుంటరు?" అన్నాడు. ఎదుటివారి రక్తమే శ్రేష్ఠమని ఇరుపక్షాలూ తొలిసారి ఒప్పుకున్నాయి.

చివరికి, ఎవరికైనా మజ్జ ఇస్తామని ముందే పేరు రాయించుకున్న దాతల రిజిస్ట్రీలో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి మజ్జ సరిపోయింది.

"మనవాళ్ళేనా అండీ?" అన్నారు బుల్లబ్బాయి గారు.

"మనోళ్లేనా?" అన్నాడు యుగంధర్.

దాత వివరాలు చెప్పకూడదన్నది నిబంధన. అయితే ఎవరివాళ్ళో తేలేదాకా ఆగుదామని సంఘం తీర్మానించబోయింది.

"ఆగితే నేను పోతా, పెదనాన్నా" అంది యోగిత ఆసుపత్రి మంచం మీది నుంచి. "ఎవరిదైతే ఏంది? నాకు బతకాలనుంది."

తీర్మానం పూర్తికాకముందే మజ్జ మార్పిడి కాగితాల మీద సంతకం పెట్టేసింది. ఈ కాలపు పిల్లలకు పెద్దలంటే గౌరవం లేదు.

ఇప్పుడు యోగిత కులాసాగా ఉంది. మజ్జతోపాటు ఆమె రక్తం గ్రూపు కూడా దాతదే అయింది. విచారణ సంఘం తుది నివేదిక వెలువడింది: ఈ రక్తానికీ మా రెండు వంశాలకూ ఎలాంటి సంబంధమూ లేదు. ఏకగ్రీవం.

ఆ దాత ఎవరా అని మీరూ ఆలోచిస్తున్నారని తెలుసు. ఇంటిపేరు చెబితే పోల్చుకుందామని కూడా చూస్తున్నారు. క్షమించాలి, నాకూ తెలియదు. మీరు కాదని మాత్రం చెప్పగలను. ఆ రిజిస్ట్రీలో మీ పేరు లేదు.