నరసరాజు గారి తూర్పు

పొద్దున్న బండికి తాడేపల్లిగూడెం వెళ్లడం, అమ్మాయి కొత్తగా దిగిన అద్దె ఇల్లు చూడడం, భోంచేసి రాత్రి బండికి తిరిగి రావడం. నరసరాజు గారు వేసుకున్న ఏర్పాటు ఇంతే.

దిక్కుల విషయంలో కొల్లేటి పల్లెల్లో ఆయన మాటకు తిరుగులేదు. మంచు కమ్మిన తెల్లవారుజామున దోనెలో వెల్లకిలా పడుకునే, ఏ లంక ఎటుందో చెప్పేవారు. ఇంట్లో కుడి, ఎడమ అన్న మాటలే వినపడవు. భోజనానికి కూర్చుంటే "ఆకులో పడమటి పక్క కాస్త పప్పు వెయ్యి" అంటారు. భార్య శేషారత్నం పెళ్లయిన దగ్గర్నుంచీ అలాగే వేస్తోంది. ఇక ఒకరిని దారి అడగడమంటే ఆయనకు తల కొట్టేసినంత పని.

ఆ రోజు ముసురు. ఏలూరులో భార్యతో రైలెక్కి, ఇంజనుకు వీపు పెట్టి కూర్చుని, బండి కదలకముందే కునుకు తీశారు. గూడెంలో మెలకువ వచ్చేసరికి, తాను ఎటు చూస్తూ కూర్చున్నారో బండి కూడా అటే, అంటే తూర్పుకే, వచ్చిందని ఆయన బుర్ర తేల్చేసింది. దాంతో తూర్పు పడమరైంది, ఉత్తరం దక్షిణమైంది. కాదని చెప్పడానికి ఆకాశంలో సూర్యుడు లేడు.

ఇక్కడ కూతురు సుగుణ పొద్దుటినుంచీ వీధిలోకి చూస్తూనే ఉంది. ఒంటి గదిలో ఏడాది వేగాక, భర్త బంగార్రాజు ఊరంతా గాలించి పట్టిన ఇల్లు ఇది. అతను ఆఫీసులో గుమాస్తా. "అల్లుడుగారు మెతక మనిషి, ఆయనకేం చేతనవును" అని తండ్రి పెళ్లినాటి నుంచీ అంటూనే ఉన్నారు. ఈ ఇల్లు చూశాకైనా ఆయన నోట భర్త గురించి ఒక్క మంచి మాట వినాలని పాపం ఆ పిల్ల ఆశ.

నరసరాజు గారు వీధిలోనే ఆగిపోయారు.

"అల్లుడుగారూ, దక్షిణపు గుమ్మం ఇల్లు తీసుకున్నారేమిటండీ?"

నిజానికి అది ఉత్తరపు గుమ్మం. బంగార్రాజు నోరు తెరిచాడు కానీ, మామగారి మొహం చూసి మూసేశాడు. వాళ్ల ఇళ్లలో మామగారి మాటకు అల్లుడు ఎదురు చెప్పడమనేది లేదు. "ఆయ్" అన్నాడు. సుగుణ ఏదో చెప్పబోతే కళ్లతోనే వద్దని వారించాడు.

అంతే, ఆయన పై పంచె నడుముకు బిగించారు. ఉత్తరానికి తల పెట్టుకుని పడుకుంటున్నారేమిటని మంచాలు తిప్పించారు. వంట చేసే మనిషి పడమర చూడకూడదని మట్టి పొయ్యి పగలగొట్టించి, అవతలి గోడకు కొత్తది వేయించారు. పచ్చి పొయ్యి ఇల్లంతా పొగ చేసింది కానీ బియ్యం ఉడికించలేదు. మధ్యాహ్నం అందరూ అటుకులు నానబెట్టుకు తిన్నారు. ఆ తరువాత యముడి దిక్కని వీధి గుమ్మం మూయించి, రాకపోకలు పెరటి గుమ్మానికి మార్చారు. అక్కడ ఇల్లుగలావిడ పెద్దింటమ్మ గేదె అడ్డంగా ఉంది. దాన్ని వీధి అరుగు స్తంభానికి కట్టించారు. అది మామిడాకుల తోరణం నమిలి, సుగుణ పెట్టిన ముగ్గు మీద పేడ వేసింది. ప్రతి పనికీ బంగార్రాజు "ఆయ్" అంటూ ఒళ్లు వంచి చాకిరీ చేశాడు.

సాయంత్రం పక్క వీధి నుంచి పాలు పితకడానికి వచ్చిన పెద్దింటమ్మకు ముందు అరుగు దగ్గర గేదె, తరవాత పెరట్లో పొయ్యి పెళ్లలు కనిపించాయి.

"ఎవరండీ ఈ పని చేసింది?"

"నేనేనండీ," అన్నాడు బంగార్రాజు.

"అయితే రేపు పొద్దున్నకల్లా నా ఇల్లు ఖాళీ చేసెయ్యండి."

సుగుణకు మళ్లీ ఒంటి గదే గతి. నరసరాజు గారు మాత్రం, దక్షిణపు గుమ్మం ఇల్లు పోతే మంచిదే కదా అన్నారు.

అప్పటికి ముసురు విడిచింది. అరుగు మీద కూర్చున్న శేషారత్నం తాపీగా అంది:

"ఏవండీ, మీ తూర్పున పొద్దు వాలుతోంది చూడండి."

ఆయన చూశారు. ఎంతసేపు చూసినా సూర్యుడు కిందికే పోతున్నాడు. రైల్లో ఇంజనుకు వీపు పెట్టి కూర్చున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ముఖం కందగడ్డయింది.

"మీకు ముందే తెలుసా, అల్లుడుగారూ?"

"ఆయ్. ఇల్లు చూసిన రోజున ఎండ కాసిందండి."

"మరి చెప్పలేదేమండీ?"

"మీరు చెబుతున్నారు కదండీ."

నరసరాజు గారు లేచి పెద్దింటమ్మ దగ్గరికి వెళ్లారు.

"తప్పు నాదమ్మా. మా అల్లుడుగారు నా మాట కాదనలేక చేశారు. ఇప్పుడు నేను పడాల్సిన మాట కూడా ఆయనే పడుతున్నారు. ఇంత లక్షణమైన ఇల్లు చూసి పట్టడం నా వల్లయ్యే పని కాదు. ఆయనకే చేతనయింది."

సుగుణ గబగబా లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుంది. పొగ అని చెప్పింది.

పెద్దింటమ్మ మెత్తబడింది. ఇల్లు ఉంచుకోమంది కానీ, చీకటి పడేలోగా పొయ్యి ఎలా ఉండేదో అలా ఉండాలంది. నరసరాజు గారు ఎవరినీ సాయం రానివ్వకుండా తానే పంచె ఎగగట్టి, ఊక కలిపి మట్టి తొక్కారు. రెండు చేతులా మట్టిముద్ద పట్టుకుని వంటింటి మధ్య నిలబడి, అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకున్నారు.

"అల్లుడుగారూ, తూర్పు ఎటండీ?"

బంగార్రాజు చూపించాడు. నరసరాజు గారు కిటికీలోంచి ఒకసారి సూర్యుణ్ణి కూడా చూసి రూఢి చేసుకున్నారు.