సంరక్షకురాలి నిర్ణయం వచ్చేదాకా

ఉదయం తొమ్మిది గంటలకు తాళాల ఫ్యాక్టరీ యజమానిని సొంత ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"లోపలికి పంపొద్దని ఆర్డరండి," అన్నాడు వాచ్‌మన్, గేటు వదలకుండా.

"ఎవడిచ్చాడు?"

"మీరేనటండి."

ఆ యజమానిని ఇంటా బయటా అందరూ పెద్దాయన అంటారు. అలాంటి ఆదేశం ఆయన ఇచ్చిన మాట నిజం. అది తనకే తగులుతుందని మాత్రం అనుకోలేదు.

సంగతి అంతకు నెల కిందట మొదలైంది. ఆ రోజు పెద్దాయన కాఫీ తాగి, చొక్కా వేసుకుని, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొస్తానని భార్యతో చెప్పి కారెక్కారు. కారు వీధి మలుపు తిరిగాక ఆవిడకు గుర్తొచ్చింది. ఆయన పళ్లన్నీ ఎప్పుడో పీకించుకున్నారు. ఇప్పుడున్నది సెట్టు. అది కిందటి వారమే బాగుచేయించారు.

ఆ ఇంట్లో అనుమానం వస్తే ఎవరూ ఎవరినీ అడగరు. తాళం మారుస్తారు. అది పెద్దాయన పెట్టిన అలవాటు. బీరువాకు తాళం, ఫ్రిజ్‌కు తాళం, చక్కెర డబ్బా ఉండే అలమారాకు తాళం. ఆయనకు ఎవరి మీద అనుమానం వచ్చినా సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి కొత్త తాళం తెచ్చి బిగిస్తారు. కొత్త తాళం చెవి వచ్చినప్పుడల్లా ఆవిడ దాన్ని నడుముకున్న గుత్తిలో చేరుస్తారు. పాత చెవి తీయరు. ఏ చెవి దేనిదో ఆవిడకు తెలియదు. పాలు తీయాలన్నా వరసగా ఒక్కో చెవీ పెట్టి చూస్తారు.

ఆ రోజు ఆవిడ మార్చడానికి తాళమేమీ లేదు కాబట్టి కూతురికి ఫోన్ చేశారు.

"మీ నాన్న పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారే."

"పళ్లెక్కడున్నాయమ్మా ఆయనకి?"

"అదే నేనూ అనుకుంటున్నా."

పెద్దాయన వెళ్లింది లాయరు ఆఫీసుకు. ఆయన భయం ఒక్కటే. తండ్రి వర్క్‌షాపును ఆయనా, ఆయన అన్నా పంచుకున్నప్పుడు లేత్ మిషను ఒకరికి, దాని మోటారు ఇంకొకరికి వచ్చాయి. రాజీ కుదరలేదు. రెండూ తుప్పు పట్టాయి. తన ఫ్యాక్టరీని కూతురు నడుపుతోంది, షోరూమును కొడుకు చూస్తున్నాడు. తాను పోయాక వీళ్లూ లేత్ ఒకరు, మోటారు ఒకరు పట్టుకుని కూర్చుంటారని ఆయనకు నిద్ర పట్టడం లేదు.

"ప్రైవేటు ఫౌండేషన్ పెట్టేద్దాం సార్," అంది లాయరమ్మ. "చట్టం దృష్టిలో అది ఒక మనిషి లాంటిది. ఫ్యాక్టరీ, షోరూము, ఇల్లు అన్నీ దాని పేరున రాసేస్తారు. ఇక ముక్కలు చేయడానికి ఉండదు. మండలి ఒకటి నడుపుతుంది. మీరు రాసిన నియమాల ప్రకారం రాబడి పిల్లలకు వెళ్తుంది."

"ఆ మనిషి ఎవరి తరఫు?"

"ఎవరి తరఫూ కాదు సార్."

"అలా చెప్పుకునేవాళ్లనే నేను నమ్మను."

"నిజం మనిషి కాదు సార్. కాగితం మీద మనిషి."

"చావు లేదా దానికి?"

"లేదు."

"పెళ్లి?"

"లేదు సార్."

"అంటే అల్లుళ్లూ, కోడళ్లూ, వియ్యంకులూ..."

"ఎవరూ రారు సార్."

"రాయండి," అన్నారు పెద్దాయన.

మండలిలో కూతురు, కొడుకు, లాయరమ్మ ఉండాలని తేలింది. మండలి దారి తప్పితే ఆపడానికి పైన ఒక సంరక్షకుడు ఉండాలని లాయరమ్మ చెప్పింది.

"ఆ సంరక్షకుడి పైన?"

"ఎవరూ ఉండరు సార్. ఎక్కడో ఒకచోట ఆగాలిగా."

అక్కడ పని ఆగిపోయింది. పెద్దాయన రెండు రోజులు ఆలోచించారు. తమ్ముడు వరసవాళ్లను, స్నేహితులను, ఆడిటరును తలచుకుని ఒక్కొక్కరినే కొట్టేశారు. చివరికి భార్య పేరు చెప్పారు.

"మేడమ్‌కి వ్యాపారం తెలుసా సార్?"

"తెలీదు. పెళ్లయిన దగ్గర్నుంచి నన్ను ఏదీ అడగలేదు."

"అడక్కపోవడం అర్హతా సార్?"

"మా ఇంట్లో ఉన్న అర్హత అదొక్కటే."

ఆవిడతో సంతకం పెట్టించింది మర్నాడు ఉదయం, వంటింటి గట్టు మీద. కాగితం దేనికని ఆవిడ అడగలేదు. చదువుతానంటూ తీసుకుని, తిరిగి ఇచ్చారు. చదివిందీ లేనిదీ ఆయన అడగలేదు.

ఫౌండేషన్ పేరున ఆస్తి రాయాలంటే ముందు జాబితా కావాలి. దాని కోసం లాయరమ్మ పంపిన మనిషి టేపు పట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చాడు. మిషన్లు కొలిచాడు, కుర్చీలు లెక్కపెట్టాడు. ఎందుకని కూతురు అడిగితే, చెప్పకూడదన్నాడు. తమ్ముడు నాన్న చేత ఫ్యాక్టరీ అమ్మిస్తున్నాడని ఆమె తేల్చుకుంది. ఆ సాయంత్రమే స్టోరు తాళం మార్చింది. మర్నాడు అదే మనిషి షోరూమును కొలిచాడు. అక్క నాన్న చేత షోరూము మూయిస్తోందని కొడుకు తేల్చుకున్నాడు. షట్టరు తాళం మార్చాడు.

తర్వాతి వారం పెద్దాయన మళ్లీ పళ్ల డాక్టరు దగ్గరికి బయలుదేరారు. ఆయన కారు వెనక రెండు కార్లు కదిలాయి.

లాయరు ఆఫీసు వరండాలో కూతురు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంది. కొడుకు మెట్ల మీద నుంచి తొంగి చూస్తూ వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. పేపరు కిందికి దిగింది.

"నువ్వేంట్రా ఇక్కడ?"

"పన్ను నొప్పి. నువ్వు?"

"నాకూ పన్నే."

"ఇది లాయరు ఆఫీసక్కా."

"బోర్డు నాకూ కనబడుతోంది. ఫ్యాక్టరీ ఎవరికి బేరం పెట్టావు?"

"నేనా? షోరూము ఊడగొట్టిస్తోంది నువ్వు కాదూ?"

"ఓహో, అందుకే షట్టరు తాళం మార్చావా?"

"స్టోరు తాళం నువ్వు మార్చలేదూ?"

తలుపు తెరుచుకుంది. పెద్దాయన గుమ్మంలో నిలబడి చివరి రెండు మాటలూ విన్నారు. ఇద్దరినీ చూశారు. వెనక్కి తిరిగి తలుపు మూసుకున్నారు.

"ఇంకో నియమం రాయండి," అన్నారు లాయరమ్మతో. "కుటుంబంలో ఎవరైనా సరే, మండలికి చెప్పకుండా ఆస్తి తాళం మారిస్తే వాళ్ల అధికారాలన్నీ అప్పటికప్పుడు ఆగిపోవాలి. ఏ ఆస్తిలోనూ కాలు పెట్టకూడదు. సంరక్షకురాలు నిర్ణయం చెప్పేదాకా అంతే."

లాయరమ్మ రాసింది. రాసి, కలం ఆపింది.

"కుటుంబంలో ఎవరైనా అంటే మీరు కూడా వస్తారు సార్. వ్యవస్థాపకుడికి మినహాయింపు అని ఒక మాట చేర్చనా?"

పెద్దాయన కళ్లు చిట్లించారు.

"ఎవరు చెప్పమన్నారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు సార్. జాగ్రత్త కోసం."

"నాకు మినహాయింపు పెడితే, రేపు నా పేరు చెప్పుకుని ఎవడో ఆ సందులోంచే దూరతాడు. వద్దు. సందు ఉండకూడదు."

సంతకాల రోజున పిల్లలిద్దరినీ పిలిపించి విషయం చెప్పారు. అమ్మకమూ లేదు, మూతా లేదు అని తెలిసి కూతురు ఊపిరి పీల్చుకుంది. కొడుకు నియమాలు మొత్తం చదివి, "బాగుంది నాన్నా," అన్నాడు. ఇద్దరూ సంతకాలు చేశారు. రిజిస్ట్రేషన్ పూర్తయింది. ఫ్యాక్టరీ, షోరూము, ఇల్లు, ఇంట్లో సామాను ఫౌండేషన్‌వి అయ్యాయి.

కారులో ఇంటికి వస్తూ పెద్దాయనకు కొడుకు మాట గుర్తొచ్చింది. బాగుంది నాన్నా. వాడు పుట్టిన దగ్గర్నుంచి ఆ మాట అనలేదు. ఎందుకన్నాడు? ఏం చూసుకుని అన్నాడు? కారు ఫ్యాక్టరీ వైపు తిప్పారు. అప్పటికి పనివాళ్లు వెళ్లిపోతున్నారు. పెద్దాయన తన గది తాళం విప్పి, కొత్తది బిగించి, చెవి జేబులో వేసుకుని ఇంటికి వెళ్లారు. ఆ పూట బాగా నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున్నే కూతురు ఫ్యాక్టరీకి వచ్చింది. కొత్త రకం తాళం నమూనా నాన్న గదిలో ఉంది. దాన్ని చూడడానికి కొనుగోలుదారు వస్తున్నాడు. గది తెరవబోతే చెవి తిరగలేదు. ఆమె లాయరమ్మకు ఫోన్ చేసింది.

"తమ్ముడు అప్పుడే మొదలెట్టాడండీ. నాన్న గది తాళం మార్చేశాడు. నియమం ప్రకారం వాడి అధికారాలు ఆపేయండి."

ఫోన్ పెట్టేసి తమ్ముణ్ణి తిట్టడానికి అతనికి చేసింది. అతను అంతా విని, తిరిగి తిట్టి, వెంటనే లాయరమ్మకు చేశాడు.

"అక్కే మార్చి నా మీదికి తోస్తోందండీ. ఆవిడవి ఆపేయండి. గేటు దగ్గర రాసి పెట్టించండి కూడా."

లాయరమ్మ ఫ్యాక్టరీకి వచ్చింది. కొడుకూ పరుగున వచ్చాడు. ఆమె వాచ్‌మన్‌ను అడిగింది.

"నిన్న సాయంత్రం పెద్దాయనగారు స్క్రూడ్రైవరు పట్టుకుని లోపలికెళ్లారండి," అన్నాడు వాచ్‌మన్. "ఈల వేసుకుంటూ బయటికొచ్చారు."

అక్కాతమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లాయరమ్మ నియమావళి తెరిచి, ఆ పేజీ వాళ్లిద్దరి ముందూ పెట్టింది. వాచ్‌మన్‌కు ఆదేశం వెళ్లింది. అప్పటికి తొమ్మిదవుతోంది. పెద్దాయన కారు గేటు ముందు ఆగింది.

"నేను పెట్టిన రూలు నాకేంటి?" అని ఆయన గేటు బయటి నుంచి అరిచారు.

"సందు ఉండకూడదన్నారు సార్," అంది లాయరమ్మ గేటు లోపలి నుంచి.

కూతురు కమ్మీల మధ్య నుంచి చేయి చాపింది. "ముందు గది చెవి ఇవ్వండి నాన్నా. కొనేవాళ్లు వచ్చేస్తున్నారు."

"నన్ను లోపలికి రానిస్తే ఇస్తా."

"మా చేతుల్లో లేదు నాన్నా," అన్నాడు కొడుకు. "అమ్మ చెప్పాలి."

కాసేపటికి చెవి కమ్మీల మధ్య నుంచి లోపలికి వెళ్లింది. పెద్దాయన ఇంటికి బయలుదేరారు.

అప్పటికే కూతురు ఫోన్ చేసి తల్లికి చెప్పింది. ఆవిడ వీధి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఇల్లు కూడా ఫౌండేషన్‌దేనటగా అండీ. మిమ్మల్ని రానివ్వచ్చో లేదో."

"నా ఇంట్లోకి నేను రావడానికి నువ్వు ఆలోచిస్తున్నావా?"

"సంతకం పెట్టించారుగా. ఆ కాగితం చదివానండీ. అందులో చివరి నిర్ణయం నాదేనని ఉంది."

పెద్దాయన గేటు పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ బయటికి లాక్కుని కూర్చోబోయారు.

"అది జాబితాలో ఉందండీ," అన్నారు ఆవిడ. "టేపు పట్టుకొచ్చినాయన దాన్నీ రాసుకెళ్లాడు."

ఎదురింటాయన తమ కుర్చీ తెచ్చి వేశాడు. పెద్దాయన దాంట్లో మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. భోజనం గేటు మీదుగా వచ్చింది. పళ్లెం జాబితాలో ఉందేమోనని ఆయన రెండు వైపులా తిప్పి చూశారు. ఆవిడ విస్తరి పంపారు.

భోజనం అయ్యాక ఆయన గొంతు తగ్గించారు. "నీకేం కావాలో చెప్పు. ఇన్నాళ్లూ నన్ను ఏదీ అడగలేదు నువ్వు."

ఆవిడ నడుముకున్న గుత్తి విప్పి గేటు గోడ మీద పెట్టారు. గోడ మీద చెవులు అటూ ఇటూ పరుచుకున్నాయి.

"ఇంట్లో తాళాలన్నీ తీసేయండి."

"దొంగలొస్తే?"

"వీధి తలుపుకు ఉంచుకోండి. లోపల ఉండేది మనమేగా."

"అదేగా నా భయం," అన్నారు పెద్దాయన. అన్నాక, ఆవిడ వైపు చూడలేదు. గుత్తి వైపు చూశారు. ఎదురింటాయన కుర్చీ కావాలని అడగడానికి వచ్చి, వచ్చిన దారినే వెళ్లాడు.

సంరక్షకురాలు తాత్కాలికంగా అనుమతి ఇచ్చారు. అది స్క్రూడ్రైవరు పనికి మాత్రమే. పెద్దాయన ఫ్రిజ్ దగ్గర మొదలుపెట్టారు. చక్కెర అలమారా తాళం తుప్పు పట్టి రాలేదు. కొడుకు వచ్చి ఒక చేయి వేశాడు. కూతురు కొనుగోలుదారును పంపించి వచ్చి సంచి పట్టుకుంది. కొనుగోలుదారు ఆర్డరు ఇచ్చాడని చెప్పింది. ఎంతకని పెద్దాయన వెంటనే అడగలేదు. కాసేపాగి అడిగారు.

సాయంత్రం ఆరు గంటలకు ఆయన అధికారాలు తిరిగి అమల్లోకి వచ్చాయి. విప్పిన తాళాలన్నీ ఉన్న సంచిని ఆవిడ బీరువాలో పెట్టి, అందులోంచి తీసి ఉంచుకున్న ఒక్క తాళం బీరువాకు వేశారు. దాని చెవి ఎక్కడ పెట్టారన్నది పెద్దాయనకు ఇంతవరకూ తెలియలేదు.